భూర్జ బెరడు పడవ కట్టడం నేర్పాలంటే: అల్గాంక్విన్ల పద్ధతి, మొదటి చెట్టు నుంచి చివరి బంక దాకా

ఒట్టావాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి ఊరి పక్కన పారే నదికి ఇంకో పేరుందని చాలా ఏళ్ళకి గానీ తెలియదు. నాకూ అంతే. ఆ నది ఒడ్డు ఆదివాసులైన అల్గాంక్విన్లు దాన్ని కిచి సీబి అంటారు, పెద్ద నది అని అర్థం. వాళ్ళు తమను తాము పిలుచుకునేది అనిషినాబే అని. కెనడా రాజధాని ఉన్న ఆ నేలని వాళ్ళు ఏ ఒప్పందంలోనూ వదులుకోలేదు. ఆ నది మీద, దాని ఉపనదుల మీద వాళ్ళు తిరిగిన పడవ భూర్జ చెట్టు బెరడుతో చేసినది. యంత్రాలు రాయడానికి మనవాళ్ళు వెతికే భూర్జపత్రం ఉంది చూడండి, హిమాలయాల్లోని ఆ చెట్టుకి ఇది దగ్గర చుట్టం. కాకపోతే ఇక్కడి బెరడు మందంగా ఉంటుంది, ఒక మనిషినీ అతని సామానునీ మోసేంత.

ఇది చదివి పెరట్లో పడవ కట్టేద్దామనుకునేవాళ్ళ కోసం రాయడం లేదు. ఆ పని నేర్పే ఏర్పాటులో చెయ్యి వేయాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. స్కూల్లో పనిచేసేవాళ్ళు, కమ్యూనిటీ సెంటర్‌లో వాలంటీర్లు, లేదా అక్కడి అల్గాంక్విన్ స్నేహితులు "వేసవిలో పడవ కడుతున్నాం, వస్తావా" అని పిలిస్తే ఏం చేయాలో తెలియనివాళ్ళు. నేను రెండు వేసవులు నీళ్ళు మోసి, వేళ్ళు చీల్చి, కొన్ని పాడుచేసి నేర్చుకున్నదాన్ని వరసగా చెప్తాను.

ముందు, ఎవరి పని ఇది

కాన్వాస్ పడవలు వచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం పడవలు వచ్చాయి కాబట్టి బెరడు పడవ పోయిందని అంటారు. అది సగమే నిజం. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన కాలం ఒకటి ఉంది, ఆ స్కూళ్ళలో చివరివి 1990ల దాకా నడిచాయి. ఇలాంటి పని తాత పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు ఇంట్లో లేరు. దీనికి తోడు కలప కోసం పెద్ద చెట్లన్నీ నరికేశారు. అందుకే ఇది పాత వస్తువులంటే ముచ్చటపడేవాళ్ళ హాబీ కాదు, తెగిపోయిన వరసని మళ్ళీ అతికించే పని. మీరు దాంట్లో సహాయకులు మాత్రమే.

వరస పూర్తిగా తెగకుండా పట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. క్యుబెక్‌లో మానివాకి పక్కన ఉన్న కిటిగన్ జీబీ అనే అల్గాంక్విన్ ఊరికి చెందిన విలియం కమాండా (1913–2011) వాళ్ళలో ముఖ్యుడు. 1951 నుంచి 1970 దాకా అక్కడ చీఫ్‌గా ఉన్నాడు, ఆ జాతి వాంపమ్ పట్టీలని (ఒప్పందాలకి గుర్తుగా గవ్వ పూసలతో అల్లినవి) భద్రపరిచాడు, వాటితో పాటు పడవలు కట్టాడు, నేర్పాడు. ఆయన కుటుంబంలో ఆ పని ఇప్పటికీ సాగుతోంది. కాబట్టి మొదటి మెట్టు చాలా మామూలుది. కిటిగన్ జీబీ అయినా, ఒంటారియో వైపు పిక్వాకనగన్ అయినా, అక్కడి సాంస్కృతిక కేంద్రానికో బ్యాండ్ ఆఫీసుకో (ఆ ఊరి పాలన నడిపే ఆఫీసు) వెళ్ళి "మీకు ఇలాంటిది కావాలా, కావాలంటే నేనేం చేయగలను" అని అడగండి. ప్లాన్ ముందే తయారుచేసుకుని, చివర్లో ఒక పెద్దాయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టి ఫోటో తీసుకునే ప్రోగ్రాములు చాలా చూశాను. అవి రెండో ఏడు ఉండవు.

డబ్బు సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోండి. నేర్పే మనిషికి శాలువా కప్పి పంపేస్తే కుదరదు. నెల రోజుల పని అది, నిపుణుడికి ఇచ్చే జీతం ఇవ్వాలి. ప్రయాణం, భోజనం, వెంట వచ్చే మనవడికి కూడా.

క్యాలెండర్ దగ్గరే సగం ప్రోగ్రాములు కూలిపోతాయి

ఎందుకంటే బెరడు సులువుగా ఊడేది చెట్టులో రసం పారేటప్పుడు, అంటే జూన్, జూలై తొలి రోజులు. స్కూళ్ళకి సెలవులు ఇచ్చేది కూడా సరిగ్గా జూన్ చివర్లోనే. పిల్లలు వెళ్ళిపోయాక బెరడు వస్తుంది. దీనికి మేము చూసిన దారి ఒకటే, ముందు ఏడాది వేసవిలోనే బెరడు తీసి, చుట్టి, తాళ్ళతో కట్టి, ఎండ తగలని తేమ చోట దాచడం. వాడేముందు వేడినీళ్ళు పోస్తే మళ్ళీ మెత్తబడుతుంది. అప్పుడు చలికాలంలో పనిముట్లు, మాటలు, చిన్న నమూనా పడవలు, మే నెలలో సెడార్ కర్ర చీల్చడం, కుట్టడానికి వేళ్ళు తవ్వడం, జూన్‌లో కట్టడం అని వేసుకోవచ్చు. అనుభవం ఉన్న మనిషి చేతిలో 14 అడుగుల పడవకి కొన్ని వారాలు పడుతుంది. కొత్తవాళ్ళతో అయితే దానికి రెట్టింపు వేసుకోండి, టెన్షన్ ఉండదు.

గుంపులో ఆరేడుగురికి మించి వద్దు. పడవ చుట్టూ అంతకంటే ఎక్కువమంది నిలబడితే సగంమంది ఫోన్లు చూసుకుంటారు.

చెట్టు

వాళ్ళ భాషలో బెరడుని వీగ్వాస్ అంటారు, పడవని చీమాన్. ఊరిని బట్టి పలకడం కొంచెం మారుతుంది, నేర్పేవాళ్ళు ఎలా అంటే అలాగే అనండి.

కావాల్సింది నిటారుగా, కింద చాలా ఎత్తు వరకు కొమ్మ లేకుండా, లావుగా ఉన్న భూర్జ చెట్టు. ఒకే బెరడుతో పడవ అడుగు మొత్తం వచ్చేంత లావు చెట్టు దొరకడం ఇప్పుడు అదృష్టం కిందే లెక్క. ఒక్కోసారి రోజంతా తిరిగి ఒక్కటీ నచ్చక వెనక్కి వస్తారు. నేర్చుకునేవాళ్ళని ఆ తిరుగుడుకి తప్పకుండా తీసుకెళ్ళండి. నా మాట నమ్మండి, ఈ చదువులో అన్నిటికంటే విలువైన రోజు అదే, కానీ ఫోటోకి ఏమీ దొరకదు కాబట్టి అందరూ దాన్నే ఎగ్గొడతారు. మన కొండపల్లి బొమ్మలవాళ్ళని తెల్లపొణికి కర్ర గురించి అడిగి చూడండి, చెట్టు దొరకడం మీద చేతిపని ఎలా ఆధారపడుతుందో వాళ్ళు చెప్తారు.

చెట్టు మీద అడ్డంగా కనిపించే చిన్న చిన్న గీతల్ని కళ్ళు అంటారు. ఆ కళ్ళు పొడవుగా, లోతుగా ఉంటే బెరడు అక్కడే చిట్లుతుంది. చిన్నగా ఉంటే మంచిది. తర్వాత కత్తితో చిన్న ముక్క తీసి వంచి చూస్తారు. దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి, వంచినప్పుడు పగలకూడదు, పొరలు పొరలుగా విడిపోకూడదు. పొరలు విడిపోతే చెట్టు ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే.

చెట్టుని కొట్టే ముందు అనిషినాబేలు పొగాకు సమర్పిస్తారు. అది వాళ్ళు చేసేది. మీరు పక్కన నిశ్శబ్దంగా నిలబడితే చాలు, వీడియో తీయకండి, మీరూ ఒక చిటికెడు వేసి సెల్ఫీ తీసుకోకండి. అలాగే ఎక్కడి చెట్టు, ఎవరి అనుమతి అనే విషయం ఆ కమ్యూనిటీ వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళకి ఉన్న హక్కు మీకు లేదు.

పడిన చెట్టు నేలకి కొట్టుకుని బెరడు దెబ్బతినకుండా కింద దుంగలు పరుస్తారు. తర్వాత నిలువునా ఒక్క గాటు, అక్కడి నుంచి చేతులతో, చెక్క మేకులతో మెల్లగా. సీజన్ సరైనదైతే ఒక రకమైన తడి చప్పుడుతో ఊడి వస్తుంది. చలి ఇంకా పోకముందు తీసిన బెరడుకి లోపల ముదురు గోధుమరంగు పొర అంటుకుని ఉంటుంది, దాన్ని చలికాలపు బెరడు అంటారు. ఆ పొరని గీకి ఆకులు, జంతువుల బొమ్మలు వేస్తారు. అది కావాలంటే ఇంకా ముందు వెళ్ళాలి, వేడినీళ్ళతో కష్టపడాలి.

వేళ్ళు, ఇక్కడే మొదలుపెట్టండి

పడవలో మేకు ఉండదు. కుట్టు అంతా నల్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు వేళ్ళతో, వాళ్ళ మాటలో వదబ్. మన కోస్తాలో కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. ఒక్క పడవకి వందల అడుగుల వేరు కావాలి. కొత్తవాళ్ళకి, పిల్లలకి మొదటి పని ఇదే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఖర్చు లేదు, పాడైతే నష్టం లేదు, గొడ్డలి అక్కర్లేదు, పైగా ఎంత చేసినా ఇంకా కావాలి.

ఇసుక నేలలో, నాచు కింద వేళ్ళు పైపైనే పాకుతుంటాయి. చేతులతో తవ్వి, పెన్సిల్ లావుది పట్టుకుని దాని వెంటే పోవాలి. ఒక్క చెట్టు దగ్గరే అన్నీ తీయకుండా నాలుగైదు చెట్ల దగ్గర కొంచెం కొంచెం తీయండి. చుట్టలు చుట్టి నీళ్ళలో వేసేయండి. ఆరిపోతే మళ్ళీ నానబెట్టాలి.

ఇక చీల్చడం. వేరు పైపొట్టు తీసి, లావు కొస దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, రెండు సగాల్నీ రెండు చేతులతో పట్టుకుని విడదీస్తూ పోవాలి. చెప్పడానికి ఇంతే. మొదటి రోజు నేను చీల్చిన ప్రతి వేరూ జానెడు దూరం పోయి పక్కకి తప్పుకుని తెగిపోయింది. ఒక సగం పల్చబడుతుంటే నేను భయపడి ఆ పల్చటి దాన్ని జాగ్రత్తగా వంచేవాణ్ణి. మాకు నేర్పిన పెద్దాయన్ని అందరూ మిషోమిస్ అని పిలిచేవాళ్ళు, అంటే తాతయ్య. ఆయన ఏమీ అనకుండా నా చేతిలోంచి వేరు తీసుకుని, లావుగా ఉన్న సగాన్ని గట్టిగా కిందకి వంచి, సన్నదాన్ని నిటారుగా ఉంచి లాగాడు. చీలిక తనంతట తానే మధ్యకి వచ్చేసింది. ఎటు ఎక్కువ వంచితే చీలిక అటు నడుస్తుంది, అంటే దెబ్బతిన్నదాన్ని కాదు, బలంగా ఉన్నదాన్ని వంచాలి. ఈ ఒక్క సంగతి వంద సార్లు విన్నా చేతికి ఎక్కదు, పాతిక వేళ్ళు పాడుచేస్తే ఎక్కుతుంది. సెడార్ చీల్చడంలో కూడా ఇదే సూత్రం పనికొస్తుంది కాబట్టే వేళ్ళతో మొదలుపెట్టమంటున్నాను.

సెడార్, పనిముట్లు

అంచు కర్రలు, లోపలి పల్చని పలకలు, వాటిని పట్టి ఉంచే వంపు బద్దలు అంటే పక్కటెముకలు, అన్నీ తెల్ల సెడార్‌తోనే. వాళ్ళు గీజిక్ అంటారు. బెరడు మీది గాడులు మెలికలు తిరిగి ఉంటే లోపల కర్ర కూడా మెలికే, అలాంటిది వదిలేయండి. రంపంతో కోయకూడదు. రంపం నారని అడ్డంగా తెంపేస్తుంది, అలాంటి బద్దని వంచితే పుటుక్కుమంటుంది. దుంగని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, ఎప్పుడూ రెండు పక్కలా సమానంగా ఉండేలా చీల్చుకుంటూ రావాలి.

పనిముట్లు కొన్నే. గొడ్డలి, కొయ్యసుత్తి, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరుండే ఆరె లాంటిది ఒకటి, ఆపైన వంకర కత్తి. ఈ వంకర కత్తి గురించి ఒక మాట. అరిగిపోయిన పాత ఆకురాయితో బ్లేడు చేస్తారు, పిడి బొటనవేలు ఆనేలా వంపు తిరిగి ఉంటుంది, అరచెయ్యి పైకి పెట్టి తన వైపుకే లాగి చెక్కుతారు. మన వైపుకి కత్తి లాగొద్దని చిన్నప్పటి నుంచి చెప్పించుకున్న చేతికి ఇది చాలా భయం. మొదటి వారం మెత్తటి కర్రతో గరిటెలు చెక్కించండి, అలవాటైపోతుంది. ఎవరి కత్తి వాళ్ళే చేసుకుంటే ఇంకా మంచిది, ఇంటికి తీసుకెళ్తారు, మళ్ళీ తీస్తారు.

కొలతలకి టేపు వద్దని కాదు, కానీ నేర్పే మనిషి జానతో, మూరతో, గాట్లు పెట్టిన ఒక కర్రతో కొలుస్తుంటే మీరు పక్కనుంచి సెంటీమీటర్లు రాసుకుని "అసలు కొలత ఇదీ" అని తేల్చకండి. ఆ కర్రకే ఒక నకలు చేసుకోండి. మీకు కావాల్సిన కొలత దాని మీద ఉంది.

కట్టడం

చదునైన నీడ చోటు, రాయీ వేరూ లేకుండా శుభ్రం చేసిన నేల. దాని మీద వేడినీళ్ళతో మెత్తబడ్డ బెరడుని తెల్ల వైపు పైకి వచ్చేలా పరుస్తారు. ఇక్కడ అందరూ ఆశ్చర్యపోతారు. చెట్టు మీద బయట కనిపించే తెలుపు పడవకి లోపలికి పోతుంది, చెట్టుని అంటుకుని ఉన్న గోధుమరంగు వైపు బయట నీళ్ళని తాకుతుంది. బొమ్మల్లో తెల్లటి పడవలు చూసి వచ్చిన పిల్లలు దీన్ని నమ్మరు.

బెరడు మీద పడవ ఆకారంలో ఒక చట్రం, చట్రం మీద బరువైన రాళ్ళు. తర్వాత చుట్టూ బెరడుని పైకి లేపి, జంటలుగా గుంజలు పాతి నిలబెడతారు. చదునైన బెరడు గుండ్రంగా లేవాలంటే అక్కడక్కడా ముడత పడుతుంది కదా, అందుకని పక్కల నుంచి చట్రం దాకా కోతలు పెట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తారు. టైలర్ బ్లౌజుకి డార్టులు వేసినట్టే, మా ఆవిడ చూసిన వెంటనే అదే మాట అంది. మధ్యలో వెడల్పు చాలకపోతే పక్క ముక్కలు కుడతారు. బెరడు ఆరుతోందనిపిస్తే వెంటనే వేడినీళ్ళు. పొయ్యి మీద నీళ్ళు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి, ఒక మనిషికి రోజంతా అదే డ్యూటీ, చాలా రోజులు అది నేనే.

తర్వాత అంచు కర్రలు. లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో బెరడు, మూడింటినీ కలిపి వేళ్ళతో గుంపులు గుంపులుగా చుట్టి బిగిస్తారు. అడ్డకర్రలు దిగుతాయి. రెండు కొసల్లో ముక్కు కర్రలు, సెడార్ బద్దని కొంత దూరం పల్చటి పొరలుగా చీల్చి వంచి కట్టినవి. ఆ కొసలు కుట్టేశాక మొదటిసారి అది పడవలా కనిపిస్తుంది. పాతకాలంలో ఈ కుట్టుపని, బంకపని ఎక్కువగా ఆడవాళ్ళదే. నేర్చుకునే గుంపులో ఆడపిల్లలు కూడా ఉండేలా చూడండి, నేర్పడానికి ఒక పెద్దావిడని కూడా పిలవండి. పురుషుల పేర్లు మాత్రమే మిగలడానికి కారణం రాసినవాళ్ళ చూపే.

పక్కటెముకలు నలభైకి అటూ ఇటూ ఉంటాయి. దాదాపు సెంటీమీటరు మందం బద్దల్ని నానబెట్టి, మరిగే నీళ్ళు పోసి, జంటలుగా మోకాలికి ఆనించి వంచుతారు. వంచినవి పడవలోనే పెట్టి ఆకారం వచ్చేదాకా ఆరనిస్తారు. తర్వాత బయటికి తీసి, లోపలి కుట్లకి బంక రాసి, పల్చటి సెడార్ పలకలు పరిచి, పక్కటెముకల్ని కొసల నుంచి మధ్యకి కొయ్యసుత్తితో కొట్టుకుంటూ నిలబెడతారు. పడవ బలమంతా ఈ బిగువులోనే ఉంది. తక్కువ కొడితే వదులు, ఎక్కువ కొడితే బెరడు చిట్లుతుంది. ఒకేసారి పూర్తిగా బిగించరు, ఒక రోజు వదిలి మళ్ళీ కొడతారు. చప్పుడు మారుతుంది, మొద్దుగా ఉన్నది కణకణమంటుంది. అది వినడం నేర్పాలి, పుస్తకంలో రాయలేరు.

బంక

స్ప్రూస్ చెట్టుకి గాయమైన చోట కారి గడ్డకట్టిన బంకని గీకి తెస్తారు, పిగివ్ అంటారు. చెత్తతో సహా గుడ్డ సంచిలో కట్టి నీళ్ళలో మరిగిస్తే శుభ్రమైనది పైకి తేలుతుంది. దాన్ని కరిగించి కొవ్వు, మెత్తటి బొగ్గుపొడి కలుపుతారు. పూర్వం ఎలుగుబంటి కొవ్వు, ఇప్పుడు దొరికింది. మంట మీద జాగ్రత్త, బంక చటుక్కున అంటుకుంటుంది. ఆరుబయటే చేయండి, మూత పక్కనే ఉంచండి.

పాళ్ళు ఎంత అని అందరూ అడుగుతారు. పాళ్ళు లేవు, పరీక్ష ఉంది. బెరడు ముక్క మీద కొంచెం రాసి చన్నీళ్ళలో ముంచి వంచండి. పగిలితే కొవ్వు చాల్లేదు. వేలితో నొక్కితే అంటుకుంటే కొవ్వు ఎక్కువైంది, ఇంకొంచెం బంక వేయండి. చలి రోజులకి మెత్తగా, ఎండాకాలానికి గట్టిగా. మన పాకం పరీక్షే, అరిసెలు చేసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రాసిపెట్టడం, వీడియోలు

ఎడ్విన్ టాపన్ ఆడ్నీ (1868–1950) అనే ఆయన నూటికి పైగా నమూనా పడవలు చేసి రకరకాల జాతుల పద్ధతులు నమోదు చేశాడు. అవి అమెరికాలో న్యూపోర్ట్ న్యూస్‌లోని మెరైనర్స్ మ్యూజియంలో ఉన్నాయి. పీటర్‌బరోలోని కెనడియన్ కెనూ మ్యూజియంలో అసలు పడవలే చూడొచ్చు, వెళ్ళండి. కానీ నమూనా చూసి పడవ కట్టినవాడు కూడా వేరు చీల్చే చోట ఎవరో ఒకరి చెయ్యి చూడాల్సిందే.

వీడియో తీస్తే నేర్పే మనిషి భుజం వెనక నుంచి తీయండి, ముఖం కాదు చేతులు కనిపించాలి. చప్పుడు ఉంచండి, పాట కలపకండి. తప్పు జరిగినవీ, సరిదిద్దినవీ కత్తిరించకండి, నేర్చుకునేవాడికి పనికొచ్చేవి అవే. ఆ రికార్డింగ్ ఎవరిది, ఎక్కడ ఉంటుంది, ఎవరు చూడొచ్చు అనేది కెమెరా బయటికి తీయకముందే కాగితం మీద రాసుకోండి. ఫస్ట్ నేషన్స్ వాళ్ళకి, అంటే కెనడా ఆదివాసీ జాతులకి, దీనికి ఓక్యాప్ (OCAP) అనే సూత్రాలున్నాయి. యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం, నాలుగూ వాళ్ళవే అని. ఒక సంస్థ తీసిన గంటలకొద్దీ ఫుటేజీ ఆ ఊరివాళ్ళకే దొరక్కుండా పోయిన సంగతి నాకు తెలుసు. అడిగితే పాత హార్డ్ డిస్క్ కనబడట్లేదన్నారు.

కట్టాక

పడవని గోడకి తగిలించారంటే ఆ ప్రోగ్రాం అయిపోయినట్టే. నీళ్ళలోకి దించండి. నేల మీద ఈడ్చకూడదు, పూర్తిగా తేలాక ఎక్కాలి, దిగేటప్పుడూ అంతే. ఎండలో వదిలేస్తే బంక కరుగుతుంది, నీడలో బోర్లించాలి. మొదటి రోజు ఎక్కడో ఒక చోట కారుతుంది, దానికి ముఖాలు మాడ్చుకోనక్కర్లేదు. ఒడ్డుకి తెచ్చి ఆరనిచ్చి, నిప్పుకొరివితో ఆ చోట బంకని కాస్త కరిగించి తడి బొటనవేలితో అద్దేస్తే సరి. మా పడవ మూడు చోట్ల కారింది. మూడూ నేను బంక రాసిన వైపే. మిషోమిస్ కొరివి తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

రెండో పడవలో, మొదటిసారి చూసినవాళ్ళు చేయాలి. మూడో పడవలో వాళ్ళే నడిపించాలి, పెద్దాయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చూడాలి. అంటే మీ బడ్జెట్ కనీసం మూడు వేసవులకి ఉండాలి, మొదటి పడవ బంక ఆరకముందే వచ్చే ఏటి బెరడు చుట్టలు నీడలోకి చేరాలి.